సగం షట్టరు వీధి

మా తూములపాళెం చారిత్రక పట్టణమన్న సంగతి నిరుటి దాకా మాకెవరికీ తెలియదు. ఎవరూ వచ్చి చెప్పకపోతే ఇప్పటికీ తెలిసేది కాదు, హాయిగా ఉండేవాళ్ళం.

పట్టణమంటే మీరు పెద్దగా ఊహించుకోవద్దు. హైవే పక్కన ఒకే ఒక వీధి. ఆ చివర పెట్రోలు బంకు, ఈ చివర తూము, మధ్యలో రెండు వరసల షట్టరు కొట్లు. వీధి మొత్తంలో పురాతనమైన వస్తువు ఏదంటే మస్తానమ్మ దోసెపెనం. అది వాళ్ళ అత్తగారిది. దాని తర్వాత పురాతనం మస్తానమ్మే. ఆమె హోటలు పక్కనే నాది మిక్సీల రిపేరు కొట్టు. నా పేరు పెంచలయ్య. చరిత్రతో నాకు వేరే సంబంధమేమీ లేదు.

లారీలూ బస్సులూ ఆగినన్నాళ్ళూ మా ఊరు బాగానే బతికింది. నెల్లూరు పోయేవాళ్ళూ ఒంగోలు పోయేవాళ్ళూ ఇక్కడ దిగి, మస్తానమ్మ చేతి కారందోసె తిని, కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూ మళ్ళీ బండెక్కేవాళ్ళు. ఇంతలో బైపాసు పడింది. బండ్లన్నీ ఊరి పక్క నుంచి బుర్రుమని పోవడం మొదలైంది. అప్పుడు మా ప్రెసిడెంటు ఎక్కడో విని వచ్చాడు. ఊరికి ‘చారిత్రక ప్రాంతం’ అని పేరొస్తే బైపాసు మీద గోధుమరంగు బోర్డు పెడతారట. ఆ బోర్డు చూసిన కార్లు ఊళ్ళోకి తిరగక మానవట. వెంటనే అర్జీ పెట్టాడు. మనకేం చరిత్ర ఉందని రాశావయ్యా అంటే, “అది తేల్చేది వాళ్ళ పని. మనది అర్జీ పెట్టుకునేదే” అన్నాడు.

ప్రాచీన వీధుల పరిరక్షణ మండలి వారు పరిశీలనకు డాక్టర్ హయగ్రీవరావు గారిని పంపారు. మనిషి మంచివాడే. చదువు ఎక్కువై ఎదుటివాడి మాట వినబడదు, అంతే.

ఆయన వచ్చిన రోజునే మా ఊళ్ళో దశరథరామిరెడ్డి పెద్దాయన పోయాడు. మా వీధికి ఒక ఆనవాయితీ ఉంది. శవం పోతుంటే ప్రతి కొట్టువాడూ షట్టరు సగానికి దించుతాడు. పూర్తిగా దించితే వ్యాపారానికి అరిష్టం, బొత్తిగా దించకపోతే పోయినవాడికి అవమానం. కాబట్టి సగం. పాడె తూము దాటగానే గడపలో నీళ్ళు చల్లి, షట్టరు పైకెత్తి, ఎవరి బేరం వాళ్ళు చూసుకుంటారు. సరిగ్గా పాడె వీధి మధ్యలో ఉండగా హయగ్రీవరావు గారి జీపు తూము మీద ఆగింది. ఆయన దిగి, కెమెరా తీసి, ఒకే ఒక ఫోటో కొట్టారు. చెబుదామంటే మేమంతా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాం. శవం పోయేటప్పుడు కేకలు పెట్టడం మర్యాద కాదు గదా. పాడె తూము దాటేసరికి జీపు కూడా దాటిపోయింది.

కొన్నాళ్ళకు ఉత్తర్వు వచ్చింది. బడి ఆవరణలో షామియానా వేశారు. హయగ్రీవరావు గారు మైకు పట్టుకున్నారు.

“ఈ వీధియందు ప్రతి వాణిజ్య ద్వారమును అర్ధావనత స్థితిలో నిలిపియుంచు అపూర్వ వాస్తు సంప్రదాయమును గమనించడమైనది. లోనికి పోవువాడు రాజైనను బంటైనను శిరస్సు వంచక తప్పదు. వినయమును ఇనుముతో పోతపోసిన మీ పూర్వికులకు జోహార్లు!”

మా పూర్వికుల సంగతి నాకు తెలుసు. ఆ షట్టర్లు బిగించింది వెల్డింగు ఖాదర్‌బాషా. రెండో వరసలో కూర్చుని బజ్జీ తింటున్నాడు.

నేను ఉండబట్టలేక లేచాను. “సార్, అది సంప్రదాయం కాదు సార్. ఆ రోజు శవం పోతా ఉంటే…”

“మౌఖిక కథనములను విడిగా నమోదు చేయుదుము. కూర్చోండి.”

“కథ కాదు సార్, దశరథరామిరెడ్డి…”

“ఛాయాచిత్రమే ప్రమాణము!” అని ఆయన ఫోటోను పైకెత్తి చూపించారు. చప్పట్లు మోగాయి.

ప్రెసిడెంటు నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. “నోరు మూసుకో పెంచలా! బోర్డు వస్తుండాదయ్యా” అని చెవిలో అన్నాడు.

ఉత్తర్వు సారాంశం ఒక్కటే. ఫోటోలో ఉన్నది ఉన్నట్టు ఉండాలి. మర్నాటి నుంచి షట్టర్లన్నీ సగానికి దించి, పైకి లేవకుండా రెండు పక్కలా ఇనుపముక్కలు వెల్డింగు చేశారు. కాంట్రాక్టు ఖాదర్‌బాషాకే ఇచ్చారు. మా పూర్వికులందరిలో బిల్లు పాసైనవాడు ఆయనొక్కడే. రాత్రిళ్ళు కిందికి దించి తాళం వేసుకోవడానికి మాత్రం వీలిచ్చారు, చీకట్లో చరిత్ర కనబడదు కాబట్టి.

అబద్ధం చెప్పకూడదు, బోర్డు పడింది, కార్లు వచ్చాయి. వచ్చినవాళ్ళు వంగి లోపలికి వెళ్ళడం, లేస్తూ నెత్తి బొప్పి కట్టించుకోవడం, ఆ బొప్పితో సెల్ఫీ దిగి వెళ్ళిపోవడం. కొనేది మాత్రం మంచినీళ్ళ సీసా. మా పాత బేరాలు పోయాయి. బొజ్జలున్న లారీ డ్రైవర్లు దోసె మీద మోజుతో బైపాసు దిగి వచ్చి, షట్టరు ముందు నిలబడి, తమ బొజ్జ వంకా షట్టరు వంకా చూసుకుని, దండం పెట్టి పోయేవాళ్ళు.

అందరికంటే మస్తానమ్మ పని అన్యాయమైపోయింది. ఆమె పొయ్యి షట్టరు కిందే ఉంటుంది. ఇదివరకు నిలబడి దోసెలు పోస్తూ, రోడ్డున పోయేవాళ్ళందరినీ పలకరిస్తూ, తిట్టాల్సినవాళ్ళను తిడుతూ ఉండేది. ఇప్పుడు ముక్కాలిపీట మీద కూలబడి పోయాల్సి వచ్చింది. పొగ బయటికి పోయే దారి లేదు. రోడ్డు మీంచి చూస్తే ఒక పెనం, రెండు చేతులు కనిపించేవి. జనం ఆ చేతులకే చెప్పి దోసెలు కట్టించుకునేవాళ్ళు. మోకాళ్ళా, అప్పటికే అరిగిపోయినవి. నీళ్ళ బిందెకొకసారి, ఎంగిలి ప్లేట్లకొకసారి షట్టరు కింద దూరి దూరి సాయంత్రానికి కాళ్ళు బూరెల్లా పొంగేవి.

“ఇట్ట ఇంకో ఏడాది వంగితే నేనిక లేవలేను పెంచలా. హోటలు మూసుకోవాల్సిందే” అంది ఒకరోజు.

మొగుడు పోయాక ఆ పెనం మీదే ఒంటిచేత్తో ఇల్లు నడిపిన మనిషి. తుఫాను రోజు కూడా పొయ్యి వెలిగించిన మనిషి. ఆమె నోట ఆ మాట వినగానే నేను చేతిలో మిక్సీ పక్కన పెట్టి లేచాను. ఇద్దరం కలిసి హయగ్రీవరావు గారి క్యాంపు ఆఫీసుకు వెళ్ళాం. మూతపడిన లారీ ఆఫీసులోనే ఆయన క్యాంపు. అక్కడి షట్టరు కూడా సగమే కనుక వంగే వెళ్ళాం.

“అయ్యా, నా మోకాళ్ళు పోయినాయి. ఒక్క జానెడు పైకెత్తుకుంటా, పుణ్యముంటది” అంది మస్తానమ్మ.

“అమ్మా, మీ మోకాళ్ళు వ్యక్తిగతము. షట్టరు జాతీయము.”

“జానెడే గదయ్యా!”

“నేడు జానెడందురు. రేపు బారెడందురు. ఎల్లుండి ఈ దేశమునకు చరిత్రయే మిగలదు” అన్నారాయన. అని, బల్ల మీది ఫోటోను రుమాలుతో జాగ్రత్తగా తుడిచారు.

బయటికొచ్చాక మస్తానమ్మ, “ఈయనకి అమ్మ దోసెలు పోసి పెట్టినట్టు లేదబ్బా” అంది.

ఆ తర్వాత తనిఖీ వచ్చింది. హయగ్రీవరావు గారు తూము మీద నిలబడి, ఒక కన్ను ఫోటో మీద, ఒక కన్ను వీధి మీద పెట్టి పోల్చడం మొదలుపెట్టారు. షట్టర్లు సరిపోయాయి. కాసేపటికి భ్రుకుటి ముడిపడింది.

“ఛాయాచిత్రంలో రోడ్డుపై బంతిపూలు, బొరుగులు వెదజల్లబడి ఉన్నవి. ఏవీ? నలుగురు వ్యక్తులు పల్లకి వంటి వాహనమును మోయుచున్నారు. ఏదీ?”

“అది పల్లకి కాదు సార్, పాడె” అన్నాను.

“అందులో పవళించియున్న పెద్దమనిషి?”

“దశరథరామిరెడ్డి సార్.”

“వారిని రమ్మనండి.”

“ఆయన పోయాడు సార్.”

“ఎచ్చటికి పోయినను నోటీసిచ్చి పిలిపించండి.”

ఇక లాభం లేదని మొదటి నుంచీ చెప్పాను. శవం పోతుంటే మర్యాదకి షట్టరు సగం దించుతామనీ, పాడె తూము దాటగానే ఎత్తేస్తామనీ, ఆ దించిన ఒక్క నిమిషంలో ఆయన ఫోటో తీసుకున్నారనీ విడమరిచి చెప్పాను. ఆయన మొదటిసారి నా మాట పూర్తిగా విన్నారు. హమ్మయ్య అనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

“అద్భుతము! అనగా శవము పోవుచున్నప్పుడే షట్టర్లు సగము దిగియుండును. ఈ వీధియందు షట్టర్లు నిత్యము సగము దిగియే ఉన్నవి. కావున ఈ వీధియందు నిత్యము శవము పోవుచుండెడిది!”

“రోజుకొకరు చావడానికి మా ఊళ్ళో అంత జనం లేరు సార్” అన్నాడు ప్రెసిడెంటు, ఊరి పరువు తక్కువైనట్టు తలొంచుకుని.

“నమూనా ఏర్పాటు చేయండి” అన్నారు హయగ్రీవరావు గారు.

అట్లా ‘నమూనా దివంగతుడు’ అనే ఉద్యోగం పుట్టింది. స్థానికుడై ఉండాలి, కదలకుండా పడుకోగలగాలి, చచ్చిపోవడానికి ఆరోగ్యంగా ఉన్నట్టు సర్కారు డాక్టరు రాసివ్వాలి. వచ్చినవాళ్ళలో చెంచయ్యకు దక్కింది.

చెంచయ్య లారీ హమాలీ. బైపాసు పడ్డాక మూటల్లేక, మస్తానమ్మ హోటలు బెంచీ మీద కూర్చుని పొద్దుపుచ్చేవాడు. ఆమెను అక్కా అనేవాడు. చుట్టరికమేమీ లేదు, వాడికి ఎవరితోనూ చుట్టరికం లేదు. ఆమె తిట్టే తిట్లు తిని, ఆమె పెట్టే ఇడ్లీ తిని, అక్కడే ఉండేవాడు.

పొద్దున్నే వేలిముద్ర వేసి పాడె ఎక్కేవాడు. నలుగురు ఔట్‌సోర్సింగ్ వాళ్ళు ఎత్తుకునేవాళ్ళు. ముందు డప్పులు, వెనక రోజుకూలికి ఏడ్చే ఆడవాళ్ళిద్దరు, దారి పొడుగునా బొరుగులూ బంతిపూలూ. ఆదివారాలు, రెండో శనివారాలు చావుకు సెలవు. ఒకసారి పాడె మీద తుమ్మినందుకు, ‘మరణానంతర ప్రవర్తన సంతృప్తికరముగా లేదు’ అని మెమో ఇచ్చారు. వాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని అందరికీ చూపించుకున్నాడు. జీవితంలో వాడి పేరు మీద వచ్చిన మొదటి కాయితమది.

పాడె తూము దాటి దించగానే లేచి, మెడలో దండతోనే హోటలుకొచ్చేవాడు.

“చచ్చినోడివి, మళ్ళీ కారందోసె కావాల్నా? రాత్రి గుండెల్లో మంటంటివే!” అనేది మస్తానమ్మ షట్టరు కింద నుంచి.

“చావు పని ఆకలి పనక్కా. మూటలు మోసినప్పుడు కూడా ఇంత ఆకలి లేదు.”

“ఆ ఎండలో కళ్ళు మూసుకోని పడుంటే ఏదన్నా అవుద్దిరా సన్నాసీ. మానుకో.”

“మానుకునేదా? పుట్టిన కాణ్ణించీ నేనే మోస్తినక్కా. ఇప్పుడు నన్ను నలుగురు మోస్తుండారు” అనేవాడు చెంచయ్య, దోసె నోట్లో పెట్టుకుని. ఆ సంబరం చూసి మస్తానమ్మ ఇంకో దోసె పోసేది.

ఇంతలో ఆమె పడింది. సాంబారు గిన్నెతో షట్టరు కింద దూరబోయి, మోకాలు మడతపడి, గడప మీదే బోర్లా పడింది. చెంచయ్యా నేనూ లేపి కూర్చోబెట్టాం. చెయ్యి కాలింది, కాలు బెణికింది. నాకు ఒళ్ళు మండిపోయి, కొట్లోంచి రంపం తెచ్చి ఆ ఇనుపముక్కలు కోసి, షట్టరు జానెడు పైకెత్తాను. మర్నాడే తాఖీదు వచ్చింది. ‘మరియొక పర్యాయము ఇట్టి విధ్వంసమునకు పాల్పడినచో హోటలును శాశ్వతముగా మూసి సీలు వేయబడును.’ ఖాదర్‌బాషా వచ్చి మళ్ళీ వెల్డింగు చేశాడు. “నా తప్పేం లేదక్కా” అన్నాడు, తల ఎత్తకుండా. మస్తానమ్మ కాలికి గుడ్డ చుట్టుకుని మళ్ళీ ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆ హోటలు పోతే ఆమెకు ఇంకేమీ లేదు, ఆ సంగతి ఆమెకూ మాకూ తెలుసు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు రాజధాని నుంచి ఎవరో పెద్దలు వస్తున్నారని పొద్దున్నే పాడె కట్టారు. పెద్దలు రావడం ఆలస్యమైంది. వచ్చేదాకా చెంచయ్యను దించవద్దన్నారు. మిట్టమధ్యాహ్నానికి వాళ్ళు వచ్చి చూశాక, ఫోటో సరిగ్గా రాలేదని పాడెను మళ్ళీ పెట్రోలు బంకు దాకా తీసుకెళ్ళి రెండోసారి తిప్పారు. తూము దగ్గర హయగ్రీవరావు గారు పెద్దలకు వివరించారు.

“చూచితిరా? నేటి ప్రదర్శన అత్యంత సహజముగా ఉన్నది.”

పెద్దలు మెచ్చుకుని కార్లెక్కారు. పాడె దించారు. “లెయ్యరా చెంచయ్యా, అయిపోయింది” అన్నాడు మోసినవాడొకడు. చెంచయ్య లేవలేదు. పడుకున్నాడులే, ఎండకు సొమ్మసిల్లాడులే అనుకున్నారు. నీళ్ళు చల్లారు. ఎవరో వచ్చి మస్తానమ్మతో చెప్పారు. ఆమె షట్టరు కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చి, కుంటుకుంటూ తూము దాకా నడిచి, వాడి నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

“పోయినాడు” అంది.

నాకు ఏడుపొచ్చింది. రోజూ పాడె చూసి చూసి, కూలి ఏడుపులు విని విని, మా వీధిలో ఎవరికీ నిజంగా ఏడవడం గుర్తు లేకుండా పోయింది. ఆ రోజు ఏడ్చాం. కూలికి ఏడ్చే ఆడవాళ్ళిద్దరూ కూడా కూలి మాట మర్చిపోయి ఏడ్చారు.

వాడి గుడిసె బంకు వెనక ఉంది. శవాన్ని ఇంటికి తీసుకుపోవాలంటే మళ్ళీ వీధిలోంచే పోవాలి. పాడె కదలబోతుంటే ప్రతి కొట్టువాడూ అలవాటుగా షట్టరు మీద చెయ్యి వేశాడు. వేసి ఆగిపోయాడు. అది దిగే ఉంది. ఇక దించడానికేముంది? పూర్తిగా దించితే అరిష్టం. మా చెంచయ్యకు మర్యాద చేయడానికి మాకు దారి లేకుండా పోయింది. 

మస్తానమ్మ కుంటుకుంటూ వచ్చి, తన షట్టరు కింద దూరి లోపల నిలబడి, “పెంచలా, రంపం తే” అంది.

“సీలేస్తారక్కా. హోటలు పోతాది.”

“పోనీ. ఉత్తుత్తి చావులకి ఇన్నాళ్ళు దిగుండింది ఇది. నా తమ్ముడు నిజంగా పోయినప్పుడూ ఇట్టనే ఉంటే, వాడు పోయినట్టు ఎవరికి తెలుస్తాదిరా?”

నేను కోశాను. ఆమె రెండు చేతులా పట్టి ఒక్క తోపు తోసింది. షట్టరు గడగడమంటూ పైదాకా వెళ్ళిపోయింది. ఎన్నాళ్ళకో పెనం వెనక ఆమె ముఖం రోడ్డు మీంచి కనిపించింది. పొగకు నల్లబడి, కన్నీళ్ళతో తడిసి ఉంది. తర్వాత రంపం చేతులు మారింది. రంపం అందనివాళ్ళు సుత్తులతో కొట్టారు. ఖాదర్‌బాషా తాను వేసిన వెల్డింగు తానే కోసి ఇచ్చాడు. వీధి పొడుగునా షట్టర్లు లేచాయి. ఆ మధ్యలోంచి చెంచయ్య పాడె కదిలింది.

హయగ్రీవరావు గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. “ఏమిటీ విధ్వంసము! ఛాయాచిత్రమునకు పూర్తి విరుద్ధము!”

“చెప్పులు విప్పు నాయనా. శవం పోతుండాది” అంది మస్తానమ్మ.

“నిత్యము పోవునదే గదమ్మా!”

“నిత్యం పోయింది నీ శవం. ఇది మాది.”

అంతలో పాడె దగ్గరికి వచ్చేసింది. ఆయన వంగి బూట్లు విప్పారు. అది మాత్రం ఒప్పుకోవాలి.

మర్నాడు ఆయన సీలు సామాన్లతో వచ్చారు. వచ్చాక ఒక చిక్కు తగిలింది. సీలు వేయాలంటే షట్టరు పూర్తిగా దించాలి. పూర్తిగా దించితే ఫోటోకు విరుద్ధం. పైగా, మరణ సమయపు ఆచారాలన్నీ పరిరక్షితాలని, నమూనా పాడె కోసం ఆయన వేసిన ఉత్తర్వులోనే రాసి ఉంది. షట్టర్లు ఎత్తింది చావు కోసమే గదా సార్ అన్నాను. ఆయన ఉత్తర్వు తీసి మళ్ళీ చదువుకున్నారు.

“మంచిది. ఈ ఎత్తిన స్థితి ఎంతకాలము?”

“దుఃఖం తీరేదాకా” అంది మస్తానమ్మ.

“దానికి గడువు?”

మస్తానమ్మ చెంచయ్య కూర్చునే ఖాళీ బెంచీ వంక చూసింది. ఆయన తల దించుకుని, దుఃఖానికి గరిష్ఠ కాలపరిమితి ఎంతో తెలుపగోరుతూ పై ఆఫీసుకు రాశారు. జవాబు వచ్చేదాకా ఎక్కడి షట్టర్లు అక్కడే ఉంచమన్నారు. ఇప్పటికీ రాలేదు.

ఆ రోజు అది రాసి, సంచీ సర్దుకుని, వెళ్ళబోతూ ఆగారు. ఆయన కూడా లోపల బాధపడుతున్నట్టే ఉంది. ఏదైనా మేలు చేయాలనిపించింది కాబోలు, గొంతు తగ్గించి అన్నారు.

“అమ్మా, విధి నిర్వహణలో మరణించిన ఉద్యోగి బంధువులకు కారుణ్య నియామకము కలదు. చెంచయ్యకు మీరు తప్ప ఎవరూ లేరు. ఆ ఉద్యోగము మీకే ఇప్పించగలను. మీ మోకాళ్ళకు కూడా సుఖము. వంగే పని లేదు, పడుకొనియుండిన చాలు.”

వీధి వీధంతా మస్తానమ్మ ఏమంటుందోనని చూసింది. నేనైతే ఆమె చేతిలో అట్లకాడ వైపే చూస్తున్నాను. ఆమె పెనం మీద నీళ్ళు చిలకరించి, పిండి పోసి, గరిటెతో గుండ్రంగా తిప్పింది.

“వద్దులే నాయనా. నేను నిలబడే ఉంటా” అంది.